ముందు తిరుగుదారి లెక్క

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పట్టుకున్న కొత్త సైక్లిస్టుకు మొదటి గంటలో తానింత మొనగాడా అనిపిస్తుంది. వనస్థలిపురం, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోతాయి. కాళ్లు నొప్పి పెట్టవు, ఆయాసం రాదు. ఫోన్‌లో యాప్ చూపించే వేగం అంతకుముందు ఎన్నడూ చూడనంత ఉంటుంది. అనుకున్న చోటు దాటి ఇంకో పది కిలోమీటర్లు పోదామన్న ఆలోచన సరిగ్గా అప్పుడే పుడుతుంది.

ఆ వేగంలో మీ వాటా కొంతే. మిగతాది రోడ్డుది, గాలిది, పొద్దుటి చల్లదనానిది. తిరిగొచ్చేటప్పుడు ఆ మూడూ మీ పక్షాన ఉండకపోవచ్చు. అందుకే ఒంటరిగా దూరం వెళ్లాలనుకున్నప్పుడు తిరుగుదారి లెక్క ముందు వేసుకోవాలి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ముందురోజు రాత్రే, ఒళ్లు అలసిపోకముందే, తేల్చుకోవాలి. ఈ అధ్యాయంలోని మిగతా సలహాలన్నీ ఆ ఒక్క నిర్ణయాన్ని నిలబెట్టడానికే.

తూర్పు రోడ్డు చేసే మాయ

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. విజయవాడ 20 మీటర్లకు అటూ ఇటూ. మధ్యలో దాదాపు 270 కిలోమీటర్ల రోడ్డు. సగటు తీస్తే ఆ వాలు కంటికి ఆనదు. దారిలో ఎక్కుళ్లూ ఉన్నాయి. అయినా మొత్తం మీద దిగుడే ఎక్కువ కాబట్టి వెళ్లేటప్పుడు రోడ్డు చేసిన సాయం వచ్చేటప్పుడు మనమే తీర్చాలి. ఇది వడ్డీతో కట్టాల్సిన అప్పు.

వడ్డీ వేసేది గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు పడమటి గాలులు. ఆషాఢంలో వాటి జోరు మేడ మీద బట్టలు ఆరేసేవాళ్లందరికీ తెలుసు. ఆ రోజుల్లో తూర్పుకు వెళ్తుంటే గాలి వెనక నుంచి తోస్తుంది. లెక్క చూడండి: మీ వేగం గంటకు 20 కిలోమీటర్లు, గాలి వేగం 10. వెళ్లేటప్పుడు మీ ఒంటికి ఎదురయ్యే గాలి 10 మాత్రమే. అదే వేగంతో తిరిగి రావాలంటే ఎదురయ్యేది 30. గాలి మూడు రెట్లయితే అది పెట్టే అడ్డు మూడు రెట్లతో ఆగదు, తొమ్మిది రెట్లవుతుంది. వెళ్లినంత వేగంగా రాలేకపోవడానికి కారణం మీ చేతగానితనం కాదు, ఈ లెక్క. చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు నుంచి వీస్తుంది, పొద్దున్నే అసలు లేకపోనూ వచ్చు. కొత్తవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం కావడానికి చల్లదనంతో పాటు ఇదీ ఒక కారణం.

మూడోది ఎండ. మార్చి సగం దాటితే పది గంటలకే తారు వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిలోపు ఇంట్లో ఉండగలిగే దూరమే పెట్టుకోండి. వంద కిలోమీటర్ల కోరిక కార్తీకం దాకా ఆగినా నష్టం లేదు.

దూరానికి కాదు, గడియారానికి కట్టుబడండి

సుదూర సైక్లింగ్‌లో ప్రపంచమంతా నడిచే ఒక పద్ధతి ఉంది. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాలతో జరిగే, బీఆర్ఎం అని పిలిచే సుదూర రైడ్లను మన దేశంలో ఆడాక్స్ ఇండియా నడిపిస్తుంది. హైదరాబాద్‌లోనూ ఇవి జరుగుతాయి. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువు. ఎవరు ముందు వచ్చారన్న పోటీ లేదు. గడువులోపు, ఎవరి సాయమూ లేకుండా, సొంత ఏర్పాట్లతో పూర్తి చేయాలి. 1891లో పందెంగా మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ ఇప్పుడు నాలుగేళ్లకోసారి ఇదే తరహాలో జరుగుతోంది: 1200 కిలోమీటర్లు, 90 గంటలు.

ఈ అంకెల్లో కొత్తవారికి పనికొచ్చే రహస్యం ఒకటుంది. 200 కిలోమీటర్లను ఆ గడువు గంటలతో భాగిస్తే సగటు వేగం 15 కూడా నిండదు. టీ తాగిన సమయం, పంక్చర్ వేసిన సమయం, చెట్టు కింద కూర్చున్న సమయం అన్నీ అందులోనే. కాబట్టి గంటకు 15 కిలోమీటర్లు అనే లెక్కతో పథకం వేసుకోండి. యాప్‌లో 22 కనిపించినా పథకం మార్చవద్దు.

ఉదాహరణకు ఐదింటికి బయలుదేరి పదకొండుకల్లా ఇంటికి రావాలనుకున్నారు. చేతిలో ఆరు గంటలు, అంటే సుమారు 90 కిలోమీటర్లు. సగం సగం పంచి ఎనిమిదింటికి వెనక్కి తిరుగుదామనుకుంటే తప్పు. వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి మూడున్నర ఉంచండి. మీరు తిరగాల్సిన సమయం ఏడున్నర. ఏడున్నరకు ఎక్కడ ఉంటే అక్కడే తిరగాలి. అనుకున్న ఊరి బోర్డు ఎదురుగా కనిపిస్తున్నా సరే. అనుకున్న ఊరు ముందే వచ్చేస్తే మాత్రం అక్కడే తిరగండి. మిగిలిన సమయం తిరుగుదారికి జమ.

మూడు మెట్లు

గంటన్నర ఆపకుండా తొక్కగలిగిన వారికి ఈ తూర్పు వైపున మూడు మెట్లు చక్కగా అమరుతాయి.

మొదటిది ఇబ్రహీంపట్నం. ఎల్‌బీ నగర్ నుంచి సాగర్ రోడ్డులో బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్, బొంగుళూరు గేటు మీదుగా వెళ్తే కుతుబ్‌షాహీల కాలంనాటి పెద్ద చెరువు వస్తుంది. రానూపోనూ 50 కిలోమీటర్లలోపే. సగం దారి దాకా కాలనీలు, దుకాణాలు ఉంటాయి కాబట్టి ఏదైనా పాడైనా ఒంటరిగా చిక్కుకుపోరు. ఇక్కడ చూసుకోవాల్సింది వేగం కాదు. సీటు ఎత్తు సరిపోయిందా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా, నీళ్లు ఎన్ని తాగుతున్నారు అనేవి.

రెండోది భూదాన్ పోచంపల్లి. విజయవాడ హైవేలో రామోజీ ఫిల్మ్ సిటీ దాటాక ఎడమకు తిరిగి పొలాల మధ్య రోడ్డులో వెళ్లాలి. రానూపోనూ 70 కిలోమీటర్ల పైచిలుకు. కొత్తవారికి ఇది నచ్చడానికి కారణం, హైవే రొద నుంచి మధ్యలో విడుదల దొరకడం. 1951లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం నుంచి నడుస్తూ వచ్చిన వినోబా భావేకు ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానం ఇచ్చింది ఈ ఊళ్లోనే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. మగ్గాల చప్పుడు వింటూ కాసేపు నడవండి, వీపు సాగుతుంది. అరగంట మించవద్దు. ఒళ్లు చల్లబడిపోతే మళ్లీ మొదలుపెట్టడం కష్టం.

మూడోది చౌటుప్పల్ దాటాక వచ్చే పంతంగి టోల్ గేటు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్లి వస్తే నూరు కిలోమీటర్ల దరిదాపు. సూర్యాపేట, కోదాడ వైపు ఆలోచన ఈ మెట్టు మీద రెండు మూడుసార్లు నిలబడ్డాకే. ఒక మెట్టు నుంచి ఇంకోదానికి వెళ్లడానికి తొందర వద్దు. వారానికి పది పదిహేను కిలోమీటర్లకు మించి పెంచకండి. మూడు వారాలు పెంచాక ఒక వారం తగ్గించండి. కండరం త్వరగానే అలవాటు పడుతుంది, మోకాలికి, సీటు మీద ఆనే ఎముకలకు ఇంకొంచెం సమయం కావాలి.

మోకాలి గురించి ఒక పరీక్ష. సీటు మీద కూర్చొని మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ అడుగుకు వచ్చినప్పుడు చూడండి. కాలు పూర్తిగా చాపి ఉంటే ఎత్తు దాదాపు సరైనది. మోకాలి ముందు భాగం నొప్పి పెడుతుంటే చాలాసార్లు సీటు కిందికి ఉన్నట్టు, వెనక భాగమైతే మరీ పైకి ఉన్నట్టు. ఒకేసారి అరంగుళం మార్చకండి. కొంచెం కొంచెం మార్చి తొక్కి చూడండి.

ఊరు దాటే అరగంట

మీ ప్రయాణంలో ఎక్కువ జాగ్రత్త కావాల్సింది అలసిన చివరి గంటలోనూ, ఊరు దాటే మొదటి అరగంటలోనూ. తెల్లవారుజామున ఆంధ్రా నుంచి వచ్చే ట్రావెల్స్ బస్సులు హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ప్రతి స్టాపులో జనాన్ని దించుతాయి. వాళ్ల కోసం ఆటోలు అడ్డదిడ్డంగా తిరుగుతాయి. నిద్రకళ్లతో దిగినవాళ్లు అటూ ఇటూ చూడకుండా రోడ్డు దాటుతారు. ఎల్‌బీ నగర్ దగ్గర ఫ్లైఓవర్, అండర్‌పాస్ రెండూ వద్దు. కింది రోడ్డులో, ఎడమ పక్కన, నెమ్మదిగా చౌరస్తా దాటండి. పెద్ద అంబర్‌పేట వచ్చాక ఔటర్ రింగ్ రోడ్డు ఎంత నున్నగా కనిపించినా దాని మీదికి ద్విచక్రవాహనాలకే అనుమతి లేదు, సైకిల్ సంగతి చెప్పనక్కర్లేదు.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారానికి తరలిపోయాక అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల తెల్లవారుజామున లారీలు ఎక్కువయ్యాయి. మామిడికాయల కాలంలో మరీను. సంక్రాంతి ముందు నాలుగైదు రోజులు, పండగ అయ్యాక తిరుగు ప్రయాణాల రోజులు ఈ రోడ్డును కార్లకే వదిలేయండి. ఆ వారం సాగర్ రోడ్డు మంచిది.

తూర్పుకు వెళ్లేవారు తరచూ మరిచిపోయే ప్రమాదం ఒకటుంది. సూర్యోదయం తర్వాత మొదటి అరగంట ఎండ మీ కళ్లలోనే కాదు, మీ వెనక వస్తున్న లారీ డ్రైవరు కళ్లలోనూ పడుతుంది. ఆ వెలుగులో మీరు అతనికి సరిగా కనిపించరు. సూర్యోదయం జనవరిలో సుమారు 6:45కు, మే నెలలో సుమారు 5:45కు. టిఫిన్ విరామాన్ని ఆ అరగంటకు జరపండి. వెనక ఎర్రలైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి. మెరిసే పట్టీలున్న జాకెట్ చౌకైన బీమా. హెల్మెట్ గురించి వాదనే లేదు.

హైవే మీద తెల్లగీత అవతలి అంచున తొక్కుతుంటే ఎదురుగా రాంగ్ రూట్‌లో బైకులు వస్తాయి, ముఖ్యంగా ఊళ్ల దగ్గర. అప్పుడు కుడికి జరిగే ముందు వెనక్కి చూడండి. వెనక బండి ఉంటే జరగకండి, ఆగిపోండి. కుక్కలు వెంటపడితే పారిపోవాలని చూడకండి. దిగి సైకిల్‌ను మీకూ వాటికీ మధ్య పెట్టి, గట్టిగా అదిలిస్తూ నడవండి. చాలావరకు తమ వీధి చివర వరకే వస్తాయి.

కడుపుకూ ఒక టైంటేబుల్

ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థపు శక్తి గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటలు వస్తుంది. ఆ తర్వాత తినకుండా తొక్కితే ఒక్కసారిగా కాళ్లు ఆడవు, తల తిరుగుతుంది, ఊరికే కోపం వస్తుంది. ఆకలి వేశాక తింటే అప్పటికే ఆలస్యం. 1853 నుంచి 1930 దాకా జీవించిన ఫ్రెంచి సైక్లిస్టు పాల్ ద వివీ, వెలోసియో అన్న పేరుతో రాస్తూ, సుదూర ప్రయాణికులకు కొన్ని సూత్రాలు పెట్టాడు. ఆకలికి ముందే తినమని, దాహానికి ముందే తాగమని, గొప్ప కోసం తొక్కవద్దని వాటి సారాంశం. నూరేళ్లు దాటినా వాటికి కాలదోషం పట్టలేదు.

గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లక్ష్యం. ఒక అరటిపండులో 25 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. గంటకో అరటిపండు, దానితో నాలుగైదు ఖర్జూరాలో ఒక పల్లీపట్టీయో సరిపోతుంది. బయలుదేరే ముందు కూడా ఏదైనా కొంచెం కడుపులో పడాలి. దారిలో టిఫిన్ అంటే ఇడ్లీ. పూరీ, మైసూర్ బజ్జీ తిరిగొచ్చాక. నీళ్లు గంటకు అర లీటరు తక్కువ కాకుండా, ఎండ ఎక్కితే ఇంకా ఎక్కువ. చెమటలో ఉప్పూ పోతుంది కాబట్టి ఉత్త నీళ్లే తాగుతూ పోకూడదు. ఒక సీసాలో ఓఆర్ఎస్ కలపండి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లతోనే. కొబ్బరిబోండం మంచిదే, కానీ అందులో సోడియం తక్కువ. రెండు ఉప్పు పల్లీలు తోడు వేసుకోండి.

ఎండలో ఉన్నట్టుండి చలివేసి రోమాలు నిక్కబొడుచుకున్నా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా ఆ రోజుకు రైడ్ అయిపోయినట్టే. నీడకు చేరండి, తల, మెడ తడపండి, ఫోన్ చేయండి. తెలివి తప్పుతున్నట్టుంటే 108.

ఒంటరిగా వెళ్లడమంటే ఎవరికీ చెప్పకుండా వెళ్లడం కాదు

ముందురోజు రాత్రి ఇంట్లో ఒకరికి, హాస్టల్లో ఉంటే రూమ్మేట్‌కు మూడు సంగతులు చెప్పండి: ఏ దారి, ఎన్ని గంటలకు వెనక్కి తిరుగుతారు, ఎన్నింటికల్లా రాకపోతే ఫోన్ చేయాలి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టండి. అమ్మ వద్దంటుందని చెప్పకుండా వెళ్లేవాళ్లున్నారు. తిరిగే సమయంతో సహా చెబితే ఆమె భయం సగం తగ్గుతుంది. ఆ సమయానికి నిజంగా ఫోన్ చేస్తే మరుసటి వారం అడిగేదీ తగ్గుతుంది. మహిళలు మొదటి రైడ్లను వెలుతురు వచ్చాక మొదలుపెట్టి, ఆగే చోట్లను ముందే ఎంచుకుంటే చీకటి గురించిన బెంగ ఉండదు.

జేబులో పేరు, రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసిన కాగితం ఉండాలి. ఫోన్ లాక్ పడితే పనికొచ్చేది అదే. జాతీయ రహదారి మీద సాయానికి 1033, ఏ ఆపదకైనా 112. చిల్లర నోట్లు కొన్ని.

సామానులో అదనపు ట్యూబు, టైరు విప్పే ప్లాస్టిక్ లివర్లు, చేతిపంపు, అలెన్ కీల సెట్టు, ప్యాచులు. ఇవి సంచిలో ఉంటే చాలదు. ఒక ఆదివారం ఇంట్లో, తలుపు వేసుకొని, వెనక చక్రం విప్పి ట్యూబు మార్చి మళ్లీ బిగించండి. వెనక చక్రమే ఎందుకంటే గొలుసు, గేర్లతో తంటా అక్కడే. పాత ట్యూబు తీశాక టైరు లోపల వేలితో జాగ్రత్తగా తడిమి చూడాలి. గుచ్చుకున్న తీగముక్క అక్కడే ఉంటే కొత్త ట్యూబూ పోతుంది.

ఒంటరి సైక్లిస్టుకు పెట్రోలు బంకు పెద్ద ఆసరా. గాలి, నీళ్లు, టాయిలెట్, నలుగురు మనుషులు, సీసీ కెమెరా అన్నీ ఒకేచోట. అయితే రోడ్ సైకిళ్ల ట్యూబుకు సాధారణంగా ప్రెస్టా అనే సన్న వాల్వు ఉంటుంది, బంకులోని గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి కొని సంచిలో వేసుకోండి. బంకు మిషన్ గాలి వేగంగా కొడుతుంది కాబట్టి టైరు పక్కన రాసి ఉన్న పరిమితి చూసుకుంటూ కొద్దికొద్దిగా పట్టించండి.

తిరిగి రాలేని పరిస్థితి వస్తే ఏంచేయాలన్నదీ ముందే తేల్చుకోండి. ఇల్లు చేరడానికి ఎవరిని పిలుస్తారు? ట్రాలీ ఆటో ఎక్కడ దొరుకుతుంది? ఈ జవాబులు ఉంటే సైకిల్ ఆపేయడానికి మనసు ఒప్పుకుంటుంది. లేకపోతే నొప్పి పెడుతున్న మోకాలితోనే తొక్కుతూ ఉంటారు.

ఆ పది కిలోమీటర్ల ఆశ

ఇన్ని చెప్పినా ఏడున్నరకు వెనక్కి తిరగడం కష్టం. గాలి తోస్తూ ఉంటుంది, ఎండ ఇంకా పొడవదు, టోల్ గేటు ఎదురుగానే కనిపిస్తుంది. జతగా వెళ్తే ఒకరు కాకపోతే ఒకరు చాలు పదమంటారు. ఒంటరిగా ఉంటే ఆ మాట చెప్పేవారు లేరు. ముందురోజు రాత్రి కాగితం మీద రాసుకున్న సమయం ఆ రెండో మనిషి పని చేస్తుంది. రాత్రి నిర్ణయించినప్పుడు మీకు అలసట లేదు, ఉత్సాహమూ లేదు. రోడ్డు మీద ఆ రెంటిలో ఏదో ఒకటి ఉంటుంది, రెండూ మంచి సలహాదార్లు కావు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో చదువుతున్నవారికి ఈ పద్ధతి సైకిల్ దిగాక కూడా పనికొస్తుంది. ఎన్నేళ్లు ప్రయత్నించాలి, ఎప్పుడు వేరే దారి చూసుకోవాలి అన్నది ఫలితం వచ్చిన రోజు తేల్చేది కాదు. కొద్ది మార్కుల్లో పోయినవారికి ఇంకొక్కసారి అనిపిస్తుంది. ఇంటి దగ్గర డబ్బు ఎంత ఉంది, వయసు ఎంత మిగిలింది అనే తిరుగుదారి లెక్క మొదట్లోనే వేసుకున్నవారు ఆ రోజున మోసపోరు. గడువు ఉంది కదా అని వారు తక్కువ చదవరు. గడువు లోపల నిశ్చింతగా చదువుతారు.

సైకిల్ మీదా అంతే. తిరిగే సమయం ఖాయమైనవారికే వెళ్లే దారిని ఆనందించే తీరిక ఉంటుంది. ఎంత దూరం పోవాలన్న ప్రశ్న తలలో తిరగదు కాబట్టి తాటిచెట్ల వరసలు, చెరువు మీద మంచు, పొలానికి వెళ్తూ పలకరించే మనిషి అన్నీ కనిపిస్తాయి.

ఈ వారం సాధన

1. ఆదివారం రైడ్‌కు ఎన్నింటికల్లా ఇంట్లో ఉండాలో ముందు రాయండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కించి, మొత్తం సమయంలో అయిదింట రెండు వంతులకు కాస్త పైన వెళ్లడానికి, మిగతాది రావడానికి పంచండి.

2. శనివారం రాత్రి వాతావరణ యాప్‌లో వాన ఒక్కటే చూసి వదిలేయకండి. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో అన్నది చూడండి. గాలి పడమటి నుంచి గట్టిగా ఉంటే తిరిగే సమయాన్ని ఇంకో పావుగంట ముందుకు జరపండి.

3. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టండి. ఒకటి ప్రతి ఇరవై నిమిషాలకు, రెండు గుక్కలు తాగడానికి. రెండోది తిరగడానికి.

4. వెనక చక్రం ట్యూబు మార్చడం ఒకసారి ఇంట్లో చేసి చూడండి.

5. ఇంటికొచ్చి స్నానం చేసి తిన్నాక పుస్తకంలో మొదటి వరుసలో ఒక్కటే రాయండి: అనుకున్న సమయానికి తిరిగానా, లేదా. దూరం, వేగం దాని కింద. వరుసగా నాలుగు ఆదివారాలు మొదటి వరుసలో ‘తిరిగాను’ అని ఉంటే, ఐదో ఆదివారం తర్వాతి మెట్టు ఎక్కవచ్చు.